కత్తిరించని అట్టకోట

కనజావా, వానల నెల

అమ్మా చిజురూ, నాన్న గుండ్రాయిలా ఉన్నాడు. సంతోషంలో గబగబా రాస్తుంటే అక్షరాలు వంకరపోతున్నాయి, అంతే. దొరికిందమ్మా! నీ తొమ్మిదో ఏట మనిద్దరం నెలనెలా కొనుక్కున్న బొమ్మల కథల పత్రిక, ఆ కొత్త సంవత్సరం సంచిక! నువ్వు బడికెళ్లిన పూట నేను కట్టలన్నీ పాత కాగితాల బండికిచ్చేసి, బదులుగా టాయిలెట్ కాగితం చుట్టలు పుచ్చుకున్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు.

ఈ ఏడాది మళ్లీ పోగుచేస్తున్నాను. ఒక్కో సంచికనూ పల్చటి కవరులో పెట్టి, వెనక అట్ట ఆనించి, మీ అమ్మ కిమోనోల చెక్కబీరువాలో దాస్తున్నాను. దాంట్లోకి చెమ్మ రాదు. నిన్న పాత పుస్తకాల కొట్టు ఒకినో ఈ సంచిక నా చేతిలో పెట్టింది. కత్తిరించి అతికించుకునే అట్టకోట లోపల మడత విప్పకుండా అలాగే ఉంది. ఆదివారం కలిసి కడదామనుకున్నామే, అదే! "కత్తెర పెట్టావంటే చేతులు విరగ్గొడతా, ముసలోడా! ముట్టుకోకపోతేనే దానికి విలువ" అని ఒకినో కేకలేసింది. సరే సరే అని తలూపి వచ్చాను.

మీ గోడలకు బూజు తగ్గిందా? అల్లుడి మోకాలు ఎలా ఉంది? నీ పండగ కిమోనో కింది సొరుగులోనే ఉంది, కదపలేదు. పోయిన పెద్దల్ని తలుచుకునే ఓబోన్ పండక్కి రా తల్లీ, వస్తూ వండుకోడానికి అక్కడి సముద్రపు నాచు పట్టుకురా. మీరిద్దరూ చల్లగా ఉండాలి.

కత్తెరకు పదును పెట్టించాను. ఒకినోకి చెప్పకు.

మీ నాన్న జింపాచి