మళ్లీ మొదటినుంచి చెప్పమనవద్దని

పుదుచ్చేరి,
14 జూలై 2008.

సంక్షేమాధికారి గారి సముఖమునకు, ముదలియార్‌పేటలో కాపురముంటున్న ఆర్. వేదవల్లి (వితంతువు, సహకార బట్టల దుకాణంలో లెక్కలు రాసి రిటైరైనది) సమర్పించుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: శనివారపు ఉచిత న్యాయ సలహా కేంద్రంలో వారం వారం వకీలు మారుతున్నందువలన నా మనవరాలు జననికి కలుగుతున్న హాని – తగు ఉత్తర్వుల కొరకు.

తాము యానాం వారని, తెలుగు చదవగలరని విని ఈ అర్జీని తెలుగులో రాస్తున్నాను. నా చదువు చిత్తూరులో సాగింది. మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడినా, చదవడం వచ్చినది నాకొక్కదానికే. ఇందులోని సంగతులు జనని మళ్లీ చదవకూడదు గనుక ఆ విధంగానూ ఇదే మేలు. వకీళ్లు అరవంలో అన్న మాటలను మా ఇంటి తెలుగులోకి మార్చి రాశాను.

1. జనని నా కుమార్తె కూతురు. తల్లి లేదు; పెంచినది నేను. విల్లియనూరులో మోటారు సైకిళ్ల విడిభాగాలు అమ్మే నరేంద్రన్‌కు ఇచ్చి పెళ్లి చేశాము. గత మార్చి నెలలో అతడు దాని ఎడమ అరచేతిని పొయ్యి మీద కాగుతున్న దోసె పెనానికి అదిమి పట్టాడు. ఎందుకని దాన్ని అడిగి తెలుసుకున్నాను. ఇక్కడ రాయను. ఏ కారణమూ ఆ పనికి సరిపోదు. అప్పటినుంచి జనని నా దగ్గరే ఉంటున్నది. పోలీసులు, "మొగుడూ పెండ్లాల సంగతి, పోయి లాయర్ను చూడండి" అని పంపివేశారు. వకీలును పెట్టుకొనే స్తోమత లేక సదరు కేంద్రానికి వెళ్లాము.

2. కేంద్రాన్ని న్యాయమిత్ర సంఘం వారు తమరి అనుమతితో, తమరి పర్యవేక్షణలో నడుపుతున్నారు. అక్కడికి వచ్చే వకీళ్లు చెడ్డవారని నేను ఎక్కడా అనడం లేదు. సెలవు పూట ఇల్లు వదిలి, ఫ్యాను తిరగని హాల్లో చెమటలు కారుతూ, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకుండా కూర్చుంటారు. మొదట మమ్మల్ని చూసినది రఘునాథన్ గారు. జనని ఏడుస్తూ, ఆగుతూ, మళ్లీ మొదలుపెడుతూ చాలాసేపు చెప్పింది. ఆయన ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. చివరకు, "పాపా, ఇంట్లో కొట్టేవాళ్ల మీద కొత్త చట్టం ఒకటి వచ్చిండాది. దాని కింద నేనే రాసిస్తాను. ఆస్పత్రి చీటీ, పెండ్లి పత్రిక ఎత్తుకోని వచ్చే వారం రా" అన్నారు. ఆ పూట అది అడిగి వడ్డించుకొని తిన్నది.

3. మరుసటి వారం ఆ రెండూ తీసుకొని పోతే కుర్చీలో వేరొకరున్నారు. టోకెన్లు ఇచ్చే మునెమ్మను అడిగాను.

"ఒక లాయరు ఒక మనిషిని రెండోతూరి చూడకూడదు అవ్వా. రూలు."

"పోయిన వారం చెప్పినది ఎక్కడైనా రాసి ఉంచారా?"

"రాయరు. నలుగురి కంట బడితే మీ మానమే గదా పొయ్యేది."

లోపలి కొత్తాయన, "చెప్పమ్మా, మొదట్నించీ" అన్నారు.

4. మే నెలలో కోర్టు సెలవులకు కేంద్రమూ మూసివేశారు. అవీ, టోకెను అందని శనివారాలూ పోగా ఇప్పటికి ఆరుగురు వకీళ్లు మా సంగతి విన్నారు. ఆరుగురూ మొదటినుంచే అడిగారు. ఏ చెయ్యి? చెయ్యి ఎందుకు లాక్కోలేదు? అరవలేదా? అరిస్తే పక్కింటివాళ్లు ఎందుకు రాలేదు? ఆ తర్వాత అతనికి దోసె పోశావా లేదా? (పోసింది. కుడిచేత్తో.) దాని తరఫున నేను చెబుతానంటే, పెద్దవాళ్లు బయట కూర్చోవాలన్నారు. బాధితురాలి నోటినుంచే వినాలట. అది న్యాయమే. తలుపు లేని గది గనుక బయటి బల్ల మీదికి అన్నీ వినపడేవి. ఒకరు కేసు పెట్టమన్నారు, ఒకరు రాజీ నయమన్నారు. ఒక వకీలమ్మ సగం విని తానే ఏడ్చేసింది. ఆమె ముఖం కడుక్కొని వచ్చేసరికి హాలు మూసే వేళయింది. మునెమ్మ మమ్మల్ని చూడగానే, "రాండి రాండి, పాత సినిమాకు కొత్త టికెట్టు" అనేది. మొదట్లో జనని కూడా నవ్వింది.

5. ఈ నిబంధన ఎందుకో తెలుసుకుందామని వైట్ టౌన్‌లో రఘునాథన్ గారి ఆఫీసుకు వెళ్లాను. ఆయన లేచి కుర్చీ వేశారు. కాఫీ తెప్పించారు.

"అవ్వా, ఆ పొద్దు పాపను చూసి రూలు మరిచి మాటిచ్చినాను. నేను ఆడ చూసినోళ్ల కేసు ఈడ తీసుకోకూడదు. అట్లని సంతకం పెట్టినాను. ముందర కొందరు ఆ హాల్లో కూచోని, బీదోళ్లను తమ ఆఫీసులకు లాక్కోనిపోయినారు. దానికే ఈ రూలు పెట్టింది."

"రూలు మంచిదే. మరి నా మనవరాలు ఏం చేయాలి?"

"వచ్చే శనివారం వచ్చేవాళ్లకు చెప్పమనండి."

"మొదటినుంచా?"

ఆయన చెప్పులు వేసుకొని, వీధి మలుపు దాకా వచ్చి నన్ను సాగనంపారు. మంచివాడు. మంచివాడు కావడం వల్ల మాకు ఏమీ ఒరగలేదు.

6. అయిదవ వకీలు వెంకటేశన్ గారు. ఆయన దాన్ని అక్కడే కూర్చోబెట్టి బయటికి వచ్చి నాతో, "ఏందవ్వా, ఈ పాప పాఠం ఒప్పజెప్పినట్ల చెప్తా ఉండాది. కంట్లో తడి లేదు. ఎవురు నేర్పించింది?" అన్నారు. ఆస్పత్రి చీటీలో పొద్దున అని ఉందట, జనని సాయంత్రమని చెప్పిందట. అయ్యా, నేను నేర్పలేదు. ఏడవకుండా, వరుస తప్పకుండా చెప్పమన్నాను. అంతే. అంతకు ముందు నలుగురు వకీళ్లు చెప్పించినందువల్ల దానికి పాఠమైపోయింది. చెప్పి చెప్పి అది జరిగినది ఏ పూటో దానికే తెలియకుండా పోయింది. ఆ మాటే ఆయనతో అన్నాను. "జడ్జి ముందర ఇట్ల చెప్తే నిలబడదు" అని లోపలికి వెళ్లారు.

7. ఆరవ ఆయన, "యాడ కాలింది, సూపించమ్మా" అన్నారు. చెయ్యి చాచింది. ఇన్ని నెలలకు పుండు మానింది. ఆయన అరచేతిని కిటికీ వెలుతురుకు తిప్పి, అటూ ఇటూ చూసి, "ఇది కాలిన మచ్చేనా?" అన్నారు. జనని చెయ్యి వెనక్కి తీసుకొని కొంగులో చుట్టుకుంది. ఆపైన ఒక్క మాట చెప్పలేదు. ఇంటికి వచ్చాకా చెప్పలేదు. అన్నం పెట్టనా అంటే తల ఊపుతుంది.

8. నరేంద్రన్ మేనమామ ఆదిమూలం వారానికొకసారి మల్లెపూలు, అరటిపళ్లు తీసుకొని వస్తున్నాడు. "జరిగిందేదో జరిగిపాయె. పిల్లను పంపీమ్మా, కోపంలో ఎవురైనా చెయ్యి చేసుకుంటారు" అంటాడు. ఇన్నాళ్లూ జనని లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకొనేది. మొన్న వేసుకోలేదు. కూర్చొని విన్నది. తాము ఏదైనా చేయదలిస్తే ఇక వేళ లేదని ఇందువల్ల చెబుతున్నాను.

కోరికలు:

(అ) ఒక మనిషి సంగతి మొదట విన్న వకీలే, కాగితాలు తగిన చోట దాఖలయ్యే వరకు ఆ మనిషిని చూడాలి. ఆశపడే వకీళ్లను అరికట్టడానికి వేరే దారి చూడండి. దుకాణంలో నేను నిన్నటి నిల్వను ఎత్తి రాయకుండా ఇవాళ్టి లెక్క మొదలుపెట్టి ఉంటే ఆ పూటే ఇంటికి పంపేవారు.

(ఆ) అది కుదరకపోతే, మొదటిసారి చెప్పినది రాసి, ముద్ర వేసి దాచాలి. తరువాతివారు అది చదివి రావాలి.

(ఇ) ఈ అర్జీనే ఫిర్యాదుగా తీసుకొని జననికి చట్టప్రకారం రక్షణ కల్పించాలి.

పై మనవులను తమరు చిత్తగించవలెను. ఆలస్యం లేకుండా చిత్తగించవలెనని వేరుగా కోరుతున్నాను.

తమ విధేయురాలు,
ఆర్. వేదవల్లి

తా.క.: శుభ్రప్రతి రాసి, కవరు కొనడానికి అంగడికి వెళ్లి వచ్చేసరికి జనని చీరలు సంచిలో సర్దుతున్నది. ఆదిమూలం వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"యాడికే?"

"విల్లియనూరుకు."

"వాడు మళ్లా కొడతాడు గదే."

"కొడతాడు అవ్వా. కొట్టినాక, ఏం జరిగిందో చెప్పమని అడగడు గదా."

నోరు పెంచి మాట్లాడే పిల్ల కాదు అది. నాకు ఎదురు చెప్పడం ఇదే మొదలు. బస్సు దాకా వెంట పోయాను. సంచి నేనే మోశాను.

కనుక (అ), (ఆ) కోరికలు జననికి ఇక అక్కరలేదు. ఆ హాల్లో టోకెన్లు పట్టుకొని కూర్చున్న మిగతా ఆడపిల్లల కోసం వాటిని అలాగే ఉంచుతున్నాను. (ఇ) ఈ పూటనుంచే అవసరం. నరేంద్రన్ ఇల్లు వాళ్ల దుకాణానికి వెనకే ఉంది. తమరు ఎవరినైనా పంపితే, పోయి దాని పక్కన కూర్చోమనండి. ఏం జరిగిందని మాత్రం అడగవద్దని చెప్పి పంపండి. అడగవలసినవి నన్ను అడగండి. పైన రాయనన్న కారణంతో సహా, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు మొదటినుంచి చెబుతాను.