దుకాణానికి నీ పేరు

సుగుణక్కా,

నిన్ను నేను ఫొటోలోనే చూశాను. నువ్వు పోయిన రెండేళ్లకు మీ ఆయన నన్ను చేసుకుని ఈ సిరిసిల్ల ఇంటికి తీసుకొచ్చాడు. నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. ఈ మాట ఇంకెవరికీ చెప్పుకోలేను.

మన దుకాణం చీరలను ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. వెబ్‌సైట్‌ను ఏ హోస్టింగ్ కంపెనీలో పెట్టాలో చూసే పని నాది. పది రోజులు వెతికాను. ఒకదాంట్లో పండుగ రద్దీకి సైటు ఆగిపోతుందన్నారు. ఇంకొకరు ఫోనే ఎత్తలేదు. చివరికి తెలుగులో ఓపికగా మాట్లాడే కంపెనీ దొరికింది.

"సైటుకు ఏం పేరు పెడదామండీ?" అని ఆ కంపెనీ అమ్మాయి ఫోన్లో ఆయనను అడిగింది. నా పేరే చెప్తాడనుకున్నాను.

"సుగుణ చీరలు" అన్నాడాయన, ఆలోచించకుండానే.

ఫోన్ పెట్టేశాక అడిగాను. "పది దినాలు కూసొని ఎతికింది నేను. నా పేరు జర యాదికి రాలేదా?"

ఆయన తల దించుకున్నాడు. "గీ దుకాణం పెట్టాలన్నది దాని ముచ్చట, పద్మా. దవాఖానల పండుకొని గూడ గిదే చెప్పింది."

లేనిదానితో ఏమని కొట్లాడను? పేరు మార్చమనలేదు.

ఈ పొద్దున మొదటి ఆర్డర్ వచ్చింది. పెద్దపల్లి నుంచి ఒకామె ఫోన్ చేసి, "సుగుణమ్మ అంటే మీరేనా?" అని అడిగింది. ఆయన పక్కనే ఉన్నాడు.

"నేనే, చెప్పుండ్రి" అన్నాను.

పద్మ