అంజవ్వ పరీక్ష అంజవ్వే రాయాలి

వయోజన విద్య పర్యవేక్షకులు గారికి,
ఆర్మూర్.

అయ్యా,

విషయం: మా వాడ ఇంగ్లీషు కేంద్రంలో అందరూ పాసైన పరీక్షను రద్దు చేసి, తిరిగి పెట్టించుట గురించి.

1. నేను పై కేంద్రంలో ఏడు నెలలు జీతం లేకుండా చదువు చెప్పాను. నా మనవరాలు సంధ్య రెండో తరగతి ఇంగ్లీషు పుస్తకమే మా పాఠ్యపుస్తకం. నా దగ్గర నేర్చుకున్నవారు పసుపు గోదాముల్లో, బీడీల పనిలో ఉన్న ఇరవై ముగ్గురు ఆడవాళ్లు. హాజరు పట్టీ జతపరిచాను.

2. పరీక్ష రోజున నిర్వాహకుడు భూమేశ్వర్ నన్ను గుమ్మం బయట కూర్చోబెట్టి, ఇరవై మూడు పేపర్లూ తానే రాసి, మార్కులూ తానే వేశాడు. అడిగితే, "గీళ్లు రాసేదాంక కూసుంటే పొద్దుగూకుతది పెద్దమ్మా. ఎవ్వలు ఫెయిల్ గాలే, నీకే మంచిపేరు" అన్నాడు. ఆ మంచిపేరు నాకు వద్దు.

3. కట్ట కట్టమని నా చేతికిచ్చినప్పుడు పేపర్లు చూశాను. ఆ రోజు మోర్తాడ్‌లో పెళ్లికి పోయిన సువార్తకు అందరికంటె ఎక్కువ మార్కులు. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు పెద్ద అక్షరంతో మొదలుపెట్టాలన్నది నా మొదటి పాఠం. ఇరవై మూడింటిలోనూ ఆర్మూర్ చిన్న అక్షరంతో ఉన్నది. నా ఆడవాళ్లు తప్పులు చేస్తారు గాని, ఈ తప్పు చేయరు.

4. అందరూ నేర్చుకున్నారని కేంద్రానికి తాళం వేశారు.

5. ఆ ఇరవై ముగ్గురిలో ఒకరైన అంజవ్వ పద్దెనిమిదేళ్లుగా బాబురావు గోదాములో పసుపు కొమ్ములు ఏరుతున్నది. దగ్గు పట్టుకున్నది. దుమ్ములో కూర్చోవద్దని దవాఖానలో చెప్పారు. బస్తాల మీద రైతు పేరు, ఊరు ఇంగ్లీషులో రాయడం ఆరుబయట పని. చదువు వస్తే ఇస్తానని బాబురావు మాటిచ్చాడు. సర్టిఫికెట్ తీసుకుపోతే, బ్రష్ చేతికిచ్చి జక్రాన్‌పల్లి రాయమన్నాడు. ఊరి పేరు సగం రాసి ఆగింది. "పాసైననంటివి గదా అంజవ్వా, గీ కాయితం ఎవలిది?" అని అందరి ముందర అడిగి, మళ్లీ ఏరుడుకు పంపాడు.

ఆమె ఆ సర్టిఫికెట్ తెచ్చి నా గడప మీద పెట్టింది. "నాకు పాస్ వద్దు టీచరమ్మా. నేను రాసి ఫెయిలైనా మంచిదే" అన్నది.

దసరా దాకా ఆ పని ఎవరికీ ఇవ్వకుండా బాబురావును ఒప్పించాను. పాఠం మా వరండాలో మళ్లీ మొదలుపెట్టాను. పరీక్ష మాత్రం తమ చేతిలో ఉన్నది. తమరే స్వయంగా వచ్చి, ఎవరి పేపరు వారిచేత రాయించవలెనని, ఇరవై మూడు సర్టిఫికెట్లూ వాపసు తీసుకొనవలెనని కోరుతూ, చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
శోభారాణి

తా.క. నా సంతకం కింద అంజవ్వ తన పేరు, ఊరు ఇంగ్లీషులో స్వయంగా రాసింది. మధ్యలో ఒక అక్షరం తప్పిపోయింది. నేను దిద్దలేదు. తమ ఆఫీసులో కూడా ఎవరినీ దిద్దనివ్వకండి.