వాతుమేరి దీవిపై మనుషులున్నారని మనవి

దీవుల జనగణన అధికారి వారి సముఖమునకు,
మలుకు సముద్రంలోని వాతుమేరి ఊరిపెద్ద ఎలియాసర్ సొపాకువా నమస్కరించి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా దీవిపై మనుషులు లేరని నిరుటి సర్వేలో నమోదైన పొరపాటును సరిదిద్దుట గురించి, గాలి తిరగకముందే కాన్పుల నర్సమ్మను పంపుట గురించి, అందుకై తనిఖీ తేదీని మార్చుట గురించి.

1. మా దీవి తమ పటంలో చుక్కగా ఉన్నదని తెలిసినది. పడమట నల్లరాతి గుట్ట, తూర్పున ఇసుక తోక, నడుమ కొబ్బరిచెట్లు, వాటి మధ్య ఒకే ఒక్క మంచినీళ్ళ బావి, ఇదీ దాని స్వరూపం. ఇసుక తోక గాలిని బట్టి ఒకసారి ఉత్తరానికి, ఒకసారి దక్షిణానికి తిరుగుతుంది కనుక దాని కొలతలు ఇవ్వలేకపోతున్నందుకు క్షమించగలరు. చుట్టూ పగడపు దిబ్బ గోడ కట్టినట్టు ఉంటుంది. లోపలికి రావడానికి తూర్పున ఒకటే సందు. మా దోనెలు అందులో ఎప్పుడైనా దూరతాయి. సర్కారు పడవ మాత్రం అమావాస్య, పున్నమి పోట్ల మీదనే దాటగలదు. పడమటి గాలి మొదలైతే ఏదీ దాటదు. గాలి చల్లారేదాకా మేము ఇక్కడ, లోకం అక్కడ.

2. ఆ గాలికి ముందు వచ్చే అమావాస్యనాడు మేము సముద్రాన్ని మూస్తాము. అనగా, ఆనాటి నుంచి మళ్ళీ తెరిచేదాకా దిబ్బ మీద గవ్వను గానీ సముద్రపు దోసకాయ అనే మెత్తటి ప్రాణిని గానీ ఎవరూ ముట్టరాదు. ముట్టకుండా ఉంటేనే మరుసటి ఏటికి తిండి. మూసే ఆ పగలు దీవి కూడా సముద్రానిదే. పొయ్యిలు ఆర్పి, పసిబిడ్డలతో, ముసలివాళ్ళతో, కోళ్ళతో సహా దోనెలెక్కి పొద్దుగూకేదాకా దిబ్బ అవతల కూర్చుంటాము. ఆ పగలు నోరు విప్పే హక్కు ఊళ్ళో అందరికన్నా పెద్ద వయసు ఆడమనిషికే ఉన్నది. ప్రస్తుతం ఆ పదవి మా అమ్మ బార్సినాది. ఊరంతా ఆమెను ఓమా, అంటే అవ్వా, అని పిలుస్తారు.

3. పోటు చూసుకుని సర్వేయరు గారు నిరుడు సరిగ్గా ఆ పగలే వేంచేశారు. మా దోనెల పక్కన పడవ ఆపించి అడిగారు.

"అవ్వా, ఆ దీవి మీద ఎవరైనా ఉంటారా?"

"ఎవరూ లేరు నాయనా. అది సముద్రానిది."

"మరి మీదే ఊరు?"

"ఇవాళ మాకు ఊరు లేదు."

"అయ్యో పాపం," అని ఆయన మా దోనెలోకి ఒక బిస్కెట్ల పొట్లం విసిరి ముందుకు సాగారు. మా అమ్మ చెప్పింది అబద్ధం కాదు. ఆ పగలు ఎవరు అడిగినా చెప్పవలసిన జవాబు తరతరాలుగా అదే. పక్కనే ఉన్న నేను నోట్లో సగ్గురొట్టె ఇరుక్కున్నవాడిలా గుడ్లు మిటకరించాను. సర్వేయరు గారు దీవిలో దిగి చూసి, "పాకలు కలవు, మనుషులు లేరు" అని వ్రాసుకున్నారు. దోనె ఎక్కనని మొరాయించిన మా పిల్లి ఆయన కాళ్ళకు రాసుకుంటూ ఊరంతా తిరిగినదట. ఎవరూ లేని దీవిలో అంత బలిసిన పిల్లి ఎలా ఉంటుందని ఆయనకు అనుమానం రాకపోవడం మా ఖర్మ.

4. లేనివాళ్ళకు పడవ ఎందుకని పదిహేను రోజులకోసారి వచ్చే పడవను ఆపివేశారు. లేనివాళ్ళకు కాన్పులేమిటని నర్సమ్మ పోస్టును ఎత్తివేశారు. తమ కార్యాలయానికి నేను స్వయంగా వచ్చి గుమాస్తా గారికి మొరపెట్టుకున్నాను.

"ఏ ఊరు?"

"వాతుమేరి అండీ."

"అక్కడ మనుషులు లేరే!"

"నేనున్నాను కదండీ."

"నువ్విక్కడున్నావుగా, అక్కడ లేవుగా," అన్నారాయన. 

5. మా కోడలు యకోమినాకు నెలలు నిండవస్తున్నవి. తొలికాన్పులో బిడ్డ దక్కలేదు, రక్తం ఆగలేదు. ఆనాడు నర్సమ్మ దీవిలోనే ఉండబట్టి పిల్ల బతికింది. "మళ్ళీ కాన్పు నేను లేకుండా కానివ్వొద్దు పెద్దయ్యా, మీకు దండం పెడతా," అని ఆవిడ నా చేతులు పట్టుకుని చెప్పినది. ఇప్పుడు ఆ పిల్ల నడవలేకుండా ఉన్నది, కాళ్ళు నీరు పట్టినవి. దోనెలో ఆ సముద్రం దాటిస్తే దారిలోనే పోతుంది. దాటించకపోతే ఇక్కడ పోతుంది. అయ్యా, ఊరిపెద్దనని ఇందాకటి నుంచి గంభీరంగా వ్రాస్తున్నాను గానీ, నాకు భయంగా ఉన్నది. రాత్రిళ్ళు ఆ పిల్ల మూలిగితే లేచి గాలి ఎటు నుంచి వీస్తున్నదో చూసి వస్తున్నాను. నేను చేయగలిగింది అదొక్కటే.

6. "తనిఖీ చేసి, మనుషులున్నట్లు రుజువైతే నర్సమ్మను పంపెదము" అని తమరు దయతో సెలవిచ్చారు. కానీ తమరు నిర్ణయించిన తేదీ వచ్చే అమావాస్య. ఈ ఏడు సముద్రాన్ని మూసేది ఆనాడే. తమరు వస్తారు, మేముండము, మా అమ్మ మళ్ళీ ఆ జవాబే చెబుతుంది. కనుక దానికి ముందు వచ్చే పున్నమికే దయచేయవలెనని, మేము బతికి ఉండగానే మా ఉనికిని చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
లేడని తమరు వ్రాసుకున్న, అయినా ఉన్న,
తమ విధేయుడు
ఎలియాసర్ సొపాకువా

తా.క. ఈ కాగితం మడిచేలోపు నర్సమ్మను బతిమాలడానికి ఆవిడ ఇప్పుడున్న దీవికి వెళ్ళిన మా అబ్బాయి, యకోమినా పెనిమిటి, తిరిగి వచ్చాడు. ఉత్తర్వు లేనిదే రాలేనని ఆవిడ ఏడ్చినదట. పున్నమికి సర్కారు పడవ వేరే దీవికి పోతున్నదట, తేదీ మారదట. అందరం బావి దగ్గర కూడాము. నేను నోరు తెరవకముందే మా అమ్మ అన్నది: "మీరంతా దోనెలెక్కండి. నేనూ యకోమినా ఇక్కడే ఉంటాం."

"ఓమా, సముద్రానికి కోపం వస్తుందే!" అన్నారు జనం.

"నేను చెప్పుకుంటాలే. దానికి మాత్రం పిల్లల్లేవా?" అన్నది.

ఆ పగలు దీవిలో నిప్పు రాజేయడం మేమెరగము. తమరు వచ్చేనాటికి ఇసుక తోక కొసన పచ్చి కొబ్బరిపీచు పొగ కనబడుతుంది. దాని పక్కన మా అమ్మ కూర్చుని ఉంటుంది. అడగండి, ఈసారి ఉన్నామనే చెబుతుంది. ఇద్దరని వ్రాసుకోండి. నర్సమ్మను కూడా ఆ పడవలోనే తీసుకొచ్చారంటే, కొంచెం ఆగి ముగ్గురని వ్రాసుకుందురుగాని.