విమానం గడియారానికి పోపు ఘాటు

రఘునాథపల్లి

మహారాజశ్రీ కుమారస్వామి గారికి, సారంగపాణి నమస్కరించి రాయునది.

నేను క్షేమమే, మోకాళ్లు మాత్రం నా మాట వినడం లేదు. అందుకే నా విమానం గడియారాన్ని రిజిస్టర్డ్ పార్శిల్‌లో పంపుతున్నాను. చాలా ఏళ్ల కింద మీరే రెండు మూడుసార్లు బాగుచేశారు, గుర్తుండే ఉంటుంది. ఎయిర్‌ఫోర్స్ మెస్సులో వంటవాడిగా రిటైరైన రోజు, తుక్కు కింద తీసేసిన ఒక విమానంలోంచి దీన్ని ఊడదీసి, చెక్క దిమ్మకు బిగించి, కుర్ర పైలట్లు నాకు బహుమానంగా ఇచ్చారు. ఆకాశంలో తిరిగిన గడియారం అప్పటి నుంచి నా వంటింట్లో పప్పు ఉడికే టైము చూస్తోంది.

ఇప్పుడు కీ ఇచ్చినా కదలడం లేదు. విప్పేటప్పుడు ఎడమ పక్క మరను ఎదురు తిప్పాలి, మీకు నేను చెప్పేదేముంది. నాకు చెవులు సరిగా వినపడవు గనక ఫోన్ చేయకండి, ఉత్తరమే రాయండి. టిక్కు టిక్కు నాకు వినపడదు గాని, పడుకునేటప్పుడు దాని మీద అరచెయ్యి వేస్తే కొట్టుకోవడం తెలుస్తుంది. పెళ్లీ పెటాకులూ లేనివాణ్ణి. ఇంట్లో నాతో పాటు ప్రాణమున్నట్టుండేది అదొక్కటే. జర తొందరగా చూడండి.

ఇట్లు,
సారంగపాణి

తా.క.: మూడొందల మందికి వండిన చెయ్యికి ఒక్కడి కొలత కుదరడం లేదు. మిగిలిన పప్పుచారు పక్కింటి బర్రె తాగుతోంది. పాలు ఇంగువ వాసన వస్తున్నాయని వాళ్లు నాతో తగాదా పెట్టుకున్నారు.

కొత్తవాడ, వరంగల్

శ్రీ సారంగపాణి గారికి కుమారస్వామి వాచ్ వర్క్స్ తరఫున నమస్కారాలు.

పార్శిల్ అందింది. గడియారం మంచి బరువుంది. బల్ల మీద తెల్లబట్ట పరిచి పెట్టాము. వంటింట్లో ఉండేదని రాశారు గనక, విప్పే ముందు కొన్ని వివరాలు కావాలి. ఏ రోజు ఏం వండేవారు? పోపులో వెల్లుల్లి వేస్తారా, ఇంగువ ఒక్కటేనా? ఒక్కో ఘాటు ఒక్కో చక్రాన్ని పట్టేస్తుంది. వివరంగా రాయగలరు.

ఇట్లు,
కుమారస్వామి వాచ్ వర్క్స్

తా.క.: ఒక్క మనిషికే అయితే పప్పుచారులో చింతపండు ఎంత వేయాలి? ఇది కూడా రిపేరుకు అవసరం.

రఘునాథపల్లి

కుమారస్వామి గారికి నమస్కారం.

ఇంత లోతుగా అడిగిన మెకానిక్కును నేను చూడలేదు. ఎయిర్‌ఫోర్స్ ఇంజనీర్లు కూడా విమానం ఏం తిన్నదని ఎన్నడూ అడగలేదు. వెల్లుల్లి వేస్తాను, దంచి వేస్తాను. ఇంగువ పప్పుచారుకే. ఆదివారం కోడికూర, అందులో ధనియాల పొడి కాస్త ఎక్కువ. గడియారం పొయ్యికి మూరెడు దూరంలోనే ఉండేది, కాబట్టి అన్నీ పీల్చింది.

ఒక్క మనిషి కొలత తెలిస్తే బర్రె వాళ్లతో నాకు తగాదా ఎందుకు? అయినా మీ కోసం వారం పాటు వండి చూశాను. రేగుపండంత చింతపండు చాలు.

ఇట్లు,
సారంగపాణి

తా.క.: ఇదివరకు మీరు చీటీ మీద రెండు ముక్కలు గీకి పంపేవారు, అవి చదవడానికి మా మేనల్లుణ్ణి పిలిచేవాణ్ణి. ఇప్పుడు అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. కంటి ఆపరేషన్ అయిందా?

కొత్తవాడ

శ్రీ సారంగపాణి గారికి నమస్కారాలు.

కంటి ఆపరేషన్ కాలేదు. రేగుపండంత సరిగ్గా సరిపోయింది. చక్రాలు కూడా బాగానే ఉన్నట్టున్నాయి. అయితే పచ్చిపులుసు సంగతి మీరు దాచిపెట్టారు. ఉల్లిగడ్డ నలిపి వేస్తారా, ఊరికే కోసి వేస్తారా? అది తేలకుండా వెనక మూత తీయడం ప్రమాదం.

ఇట్లు,
కుమారస్వామి వాచ్ వర్క్స్

తా.క.: ఈసారి మీ ఉత్తరం ఆలస్యమైంది. దానివల్ల రిపేరు ఆగిపోయింది.

రఘునాథపల్లి

కుమారస్వామి గారికి.

ఉల్లిగడ్డ నలిపే వేస్తారు. ఊరికే కోసి వేసేవాడు నా మెస్సులో అడుగు పెట్టేవాడు కాదు. కాని మీరు గడియారం బాగుచేస్తున్నారా, భోజనం చేస్తున్నారా?

ఇలాంటి పాత గడియారాలకు మంచి గిరాకీ ఉందని మా మేనల్లుడు శేఖర్ ఫోన్‌లో చూపించాడు. "మామా, నీ గడియారం ఎప్పుడో అమ్ముకున్నరు. నువ్వేమో కూసోని చారు ముచ్చట్లు రాస్తాన్నవ్," అంటున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. దిమ్మ లేని చోట వట్టి బల్ల మీద చెయ్యి వేసి చూశాను, లాభం లేదు. గురువారం నేనే వస్తున్నాను.

ఇట్లు,
సారంగపాణి

తా.క.: పచ్చిపులుసులో వేయించిన నువ్వుల పొడి కూడా వేయాలి. కోపంలో ఉన్నానని వంట తప్పు చెప్పలేను కదా.

కొత్తవాడ

శ్రీ సారంగపాణి గారికి.

గడియారం అమ్మలేదు. దేవుడి మీద ఒట్టు. మీరు రావద్దు. గురువారం దుకాణం తెరవరు. శుక్రవారం కూడా తెరవరు. ఉత్తరం రాయండి, చాలు.

ఇట్లు,
కుమారస్వామి వాచ్ వర్క్స్

తా.క.: నువ్వుల పొడి వేశాము. ఎంత బాగుందో చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు, అందుకని మీకు రాస్తున్నాము.

రఘునాథపల్లి

మహారాజశ్రీ కుమారస్వామి గారికి, సారంగపాణి నమస్కరించి రాయునది.

మీరు వద్దన్నా గురువారం వచ్చాను. దుకాణానికి తాళం ఉంది, తాళానికి తుప్పు ఉంది. పక్కన జంపఖానాలు నేసే రాయమల్లును అడిగాను. మగ్గాల చప్పుడులో అక్కడ అందరూ అరిచే మాట్లాడతారు గనక నా చెవుడు ఎవరికీ బరువు కాలేదు.

"కుమారస్వామి సాబ్ పోయి ఏడాదైతాంది. దుకాణం అప్పట్నించి బందే. వెనక ఇంట్ల ఆయన భార్య భద్రమ్మ ఒక్కతే ఉంటది," అన్నాడు. ఉత్తరాల సంగతి అడిగాను. "అవి నీవేనా సారూ? పోస్ట్‌మన్ వాకిట్ల నిలవడి కుమారస్వామీ అని పిలుస్తడు. గా పిలుపు ఇనంగనే ఆమె చేతిల పని ఇడిసి ఉరికొస్తది. గా పేరు పిలిచేటోళ్లు ఇంకెవరున్నరు?"

మీ గడప దాకా వెళ్లాను. కిటికీలోంచి తెల్లబట్ట మీద నా గడియారం కనిపించింది. తలుపు కొట్టకుండా తిరిగొచ్చి బస్సెక్కాను. దారంతా ఏడుపొచ్చింది. అందులో కొంత నా కోసం కూడా అనుకుంటాను.

హనుమకొండలో ఇంకో మంచి మెకానిక్కు ఉన్నాడని, గడియారం అక్కడికి తీసుకెళ్తానని శేఖర్ అన్నాడు. వద్దన్నాను. అది మీ దగ్గరే ఉండనివ్వండి. చాలా కష్టమైన రిపేరు, తొందరపడి పాడుచేయకండి. నేను రాయాల్సిన వంటలు ఇంకా బోలెడున్నాయి. గడియారం మీద చెయ్యి వేసుకోకపోతే నిద్ర పట్టడం కష్టంగానే ఉంది. మీ ఉత్తరం వచ్చిన రోజు మాత్రం పడుతోంది.

భద్రమ్మ గారిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
సారంగపాణి

తా.క.: కవరు మీద మీ పేరు పెద్ద అక్షరాలతో రాశాను. పోస్ట్‌మన్ గట్టిగా చదవాలి.