కృతజ్ఞతల శుక్రవారం

చెల్లికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ మేం ముగ్గురం కులాసా. నువ్వూ కులాసాగానే ఉన్నావనుకుని ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. చదవడం పూర్తయ్యాక కూడా అలాగే ఉంటావని మాత్రం చెప్పలేను. ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్‌లో అయితే సగంలో ఏడుపందుకుంటావు. చిన్నప్పటినుంచీ నీకు అదొక్కటే ఆయుధం. నువ్వు ఏడవగానే ఇంట్లో అందరూ నా చేతిలోది లాక్కుని నీకిచ్చేవారు. కాగితం మీదైతే నీ ఏడుపు నాకు వినపడదు, నా మాట నీకు ఆఖరిదాకా వినపడుతుంది.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. పిచ్చుక తింటోందా అని అడిగావు. తింటోంది. గింజలు ఏరుకుని తిన్నట్టు తింటుందని నువ్వు దానికా పేరు పెట్టావు గానీ, ఇప్పుడు కంచం ఊడ్చేసి లేస్తోంది. బుగ్గలొచ్చాయి. యూనిఫాం పొట్టిదైపోతే కొత్తది తెచ్చాం. ఆ ముద్దుపేరు కూడా ఇప్పుడు ఇంట్లో ఎవరం వాడటం లేదు. నీకు రాసేటప్పుడు వాడుతున్నానంతే, ఎవరి గురించో నీకు తెలియాలి కదా.

నీ పాత చీర ముక్క పట్టుకునే పడుకుంటోందా అని కూడా అడిగావు. పట్టుకోవడం లేదు. చల్లగదిలో రోజంతా చేపలు కోసి పెట్టెల్లో సర్దే దానివి, నీకా వాసన తెలియదు. ఎన్నిసార్లు ఉతికినా అది పోలేదు. ఒకరోజు ఆ గుడ్డని సంచిలో దాచుకుని స్కూలుకి తీసుకెళ్ళింది. పక్కపిల్ల ముక్కు మూసుకుందట. సాయంత్రం ఇంటికొచ్చి తనే చెత్తబుట్టలో పడేసింది. నేను పడెయ్యమనలేదు, తియ్యమనీ అనలేదు.

స్కూలు సంగతులు రాయమన్నావు. ఈ ఇంటర్నేషనల్ స్కూల్లో చదువు వారం లెక్కన నడుస్తుంది. సోమవారం పొద్దున క్లాసు గోడ మీద ఒక ప్రశ్న వేలాడదీస్తారు. లెక్కలు, బొమ్మలు, పాటలు, అన్నీ వారమంతా ఆ ప్రశ్న చుట్టూనే. శుక్రవారం పిల్లలందరూ హాల్లో కూర్చుని తాము నేర్చుకున్నది తల్లిదండ్రులకు చెబుతారు. పెద్దవాళ్ళంతా పిల్లల బుల్లి కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుంటారు. నాలుగు దేశాల మనుషులు, పది రకాల మాటతీరు. ఒకరి మాట ఒకరికి సగం అర్థమవుతుంది, నవ్వడం మాత్రం అందరికీ బాగా వచ్చు. మొన్న ఒక వారం “వాడిన నీళ్ళు ఎక్కడికి పోతాయి” అన్నది ప్రశ్న. పిచ్చుక అట్ట గొట్టాలు అతికించి మా వంటింటి తూము మొత్తం కట్టి చూపించింది. ఎవరమ్మా ఈ పిల్ల తల్లి అని పక్కావిడ అడిగితే, నేనేనండీ అన్నాను. మొదట్లో ఆ మాట అనేముందు చుట్టూ చూసుకునేదాన్ని. ఇప్పుడు చూసుకోవడం లేదు.

నీ పిల్లని నేను దొంగిలించుకున్నానని అనుకోకు. ఈ స్కూల్లో నాలా పనిచేసే టీచరు కన్నపిల్లకైతే ఉచితంగా సీటు ఇస్తారు, చెల్లెలి పిల్లకి ఇవ్వరు. మీ ఆయన పోయాక మా వంటింట్లో గోడకి జారబడి కూర్చుని, “పేరుకే కదక్కా, నీ కూతురనే చెప్పెయ్” అన్నది నువ్వే. నేను చెప్పాను, హెడ్ మేడమ్ నమ్మింది. ఏడాదిగా పొద్దున జడలు వేస్తున్నదీ, జ్వరమొస్తే పక్కన కూర్చుంటున్నదీ, పెద్దమ్మా అనే పిలుపులోంచి పెద్ద అన్నది జారిపోతుంటే ఊరుకున్నదీ నేను. పేరుకే అని నువ్వు అనుకున్నావు. పేరు పెట్టి రోజూ పిలిస్తే పిల్లయినా పలుకుతుంది, పెద్దయినా పలుకుతుంది.

రెండు ఆదివారాలుగా పిల్ల ఫోన్ దగ్గరికి ఎందుకు రాలేదని అడిగావు. ఒంట్లో బాగాలేదని రాద్దామనుకున్నాను గానీ, ఇంకొక అబద్ధం మొయ్యడం నావల్ల కాదు. నీతో మాట్లాడిన ప్రతిసారీ అది గోడవైపు తిరిగి కూర్చునేది. మర్నాడు క్లాసులో మా అమ్మ చేపలు కోస్తుందని నోరు జారేది. ఒకసారి వాళ్ళ టీచరు నవ్వుతూ, మీరు ఇంట్లో చేపలు కోస్తారా అని నన్నడిగింది. ఆ సాయంత్రం పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. నువ్వింకొకసారి నోరు జారితే నా ఉద్యోగం పోతుంది, నీ సీటు పోతుంది, మనందరం నీ వల్లే రోడ్డున పడతాం అని. నీ ఫొటో చూసి ఎవరైనా అడిగితే ఆయా అని చెప్పమని నేర్పించాను. అప్పటినుంచీ ఫోన్ మోగితే స్నానాలగదిలోకి పోయి గడియ పెట్టుకుంటోంది. ఏడేళ్ళ పిల్ల నెత్తిన అంత బరువు పెడతావా అని మీ బావ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మామూలుగానే అన్నం పెట్టమన్నాడు.

ఇక చెప్పకుండా దాటేద్దామనుకున్న సంగతి. పోయిన వారం ప్రశ్న, “మన ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారు?” అని. ఇంటివాళ్ళ ఫొటోలు తెచ్చి చూపించాలి. మీ బావ బట్టలు ఆరేస్తున్నదీ, నేను పుస్తకాలు దిద్దుతున్నదీ రెండు ఫొటోలు దాని సంచిలో పెట్టి పంపాను. శుక్రవారం హాల్లో అది లేచి ఆ రెండూ చూపించి చక్కగా చెప్పింది. కూర్చుంటుందనుకున్నాను. గౌను జేబులోంచి మూడోది తీసింది.

నువ్వు దాని పుట్టినరోజుకి పంపిన ఫొటో అది. రబ్బరు బూట్లు, ప్లాస్టిక్ ఆప్రాన్, నెత్తిన టోపీతో ఫ్యాక్టరీ గేటు ముందు దాన్ని చంకనెత్తుకుని నిలబడ్డావే, అదే. నేను నా క్లాసు పిల్లలతో వెనకాల నిలబడి ఉన్నాను. మా అమ్మ అంటుందనే అనుకున్నాను. అది హాలంతా వెతికి నన్ను పట్టుకుంది. నా మొహంలోకి చూస్తూ, “ఈమె మా ఆయా. నా చిన్నప్పుడు నన్ను చూసుకునేది” అంది. ముందు వరసలో ఒకాయన ముచ్చటపడి, మరిప్పుడు ఎక్కడుందమ్మా అని అడిగాడు. అది ఫొటో మళ్ళీ జేబులో పెట్టేసుకుంది.

“పని మానేసింది” అంది.

ఆయా అన్నది నేను నేర్పిన మాట. మానేసిందన్నది నేను నేర్పలేదు. అది ఎవరూ నేర్పకుండా దాని కడుపులోంచి వచ్చిన మాట. ఇంకో సంగతి కూడా ఒప్పుకుంటున్నాను, తిడితే తిట్టు. ఆ మాట విని నాకు ఏడుపు రాలేదు. సంతోషం వేసింది. ఇన్నేళ్ళు పిల్లల్లేని ఇంట్లో నీ పిల్ల ఫొటోలు చూసి ముచ్చటపడుతూ బతికిన దాన్ని. హాల్లో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, నేను చించుకోలేదు గానీ ఒకటి పడింది. ఏడాది చివర ఈ స్కూల్లో కృతజ్ఞతల శుక్రవారం అని చేస్తారు. బస్సు డ్రైవరు, ఊడ్చే ఆవిడ, గేటు దగ్గర మనిషి, ఇలా తమకోసం కష్టపడేవాళ్ళని పిల్లలు ముందు వరసలో కూర్చోబెట్టి, పువ్విచ్చి, నాలుగు మంచి మాటలు చెబుతారు. హెడ్ మేడమ్‌కి నీ ఫొటో మనసులో పడింది. ఆ ఆయాని ఎలాగైనా పిలిపించండి, అలాంటివాళ్ళని మనం మరిచిపోకూడదు అంది. ఆవిడ దయగల మనిషి. ఇక్కడ అందరూ దయగలవాళ్ళే, అందుకే కాదనలేకపోయాను.

నువ్వు కిందటి ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో అడిగింది ఇదే కదా, ఆఖరి శుక్రవారానికి రానా, సెలవులకి పిల్లని నాతో తీసుకుపోనా అని. రా. ముందు వరసలో నీకు కుర్చీ ఉంటుంది. ఉతికిన చీర కట్టుకో. చేతులకి నిమ్మచెక్క రుద్దుకో, పిల్ల నలుగురిలో ముక్కు మూసుకుంటే చిన్నతనం నీకే. నన్ను మేడమ్ అని పిలు. పువ్వు తీసుకుని తల నిమిరితే ఎవరూ ఏమీ అనుకోరు, గుండెకి హత్తుకుంటే మాత్రం చూస్తారు. దాని మాటలు అది రోజూ అద్దం ముందు వల్లె వేస్తోంది: “నన్ను చూసుకున్నందుకు మీకు థాంక్స్. మీరు లేకపోయినా నేను బాగున్నాను.” మొదట నువ్వు, నువ్వు అనే అంటుంటే, పెద్దవాళ్ళని మీరు అనాలని నేను దిద్దాను. ఇప్పుడు తడబడటం లేదు.

ఆ తర్వాత నీకు ధైర్యముంటే అందరి ముందూ అడుగు, నాతో వస్తావా అని. వస్తానంటే తీసుకుపో, నేను అడ్డం రాను. నా ఉద్యోగం, దాని సీటు ఆ పూటే పోతాయి. అది దానికి తెలుసు. తెలిసే జవాబు చెబుతుంది.

ఇంతవరకూ రాసింది మీ బావ చదివాడు. ఇది మనిషి మనిషికి రాసే ఉత్తరం కాదు, పోస్టు చెయ్యకు అన్నాడు. ఆయన చెయ్యకపోతే రేపు స్కూలుకి పోతూ మేమే చేస్తాం. డబ్బాలో ఉత్తరం వెయ్యడమంటే పిల్లకి సరదా, ఎత్తుకుంటే చెయ్యి అందుతుంది. ఇందాక ఇక్కడికొచ్చి బల్ల మీదున్న కవరు తీసుకుని, నీ పేరు కూడబలుక్కుని చదివింది.

“ఆయాకా?” అని అడిగింది.

అవునమ్మా అన్నాను.

ఇట్లు,
పిచ్చుక వాళ్ళ అమ్మ