ఓడమ్మ ఆగిన చోటు

కెప్టెన్‌కి,

కవరు మీది చేతిరాత చూసి ఎవరబ్బా అనుకుని ఉంటావు. చివర సంతకం చూసి గతుక్కుమని కూడా ఉంటావు. నేనే. స్టీలు బకెట్లో తలపెట్టి నీ అంతరిక్ష నౌకని నడిపినదాన్ని. నీ చిరునామా కోసం పాత స్టూడియో వాచ్‌మన్ దగ్గర్నుంచి నువ్వు వార్తలు చదివిన రేడియో ఆఫీసు దాకా ఎంతమంది కాళ్లావేళ్లా పడ్డానో చెబితే నవ్వుతావు. నిన్ను ఒక మాట అడగాలి. కానీ ముందు కథంతా విను.

మొన్నామధ్య పన్ను నొప్పితో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. నన్ను కుర్చీలో వెనక్కి వాల్చి, దీపం మొహం మీదికి లాగి, ఇంకా నోట్లో ఏమీ పెట్టకముందే బయట ఎవరో తలుపు తట్టారు. లోపలికి రావచ్చా అని అడుగుతున్నారు. డాక్టరమ్మ పలకలేదు. ఊరుకోవచ్చుగా, నా నోరు ఊరుకోదు కదా! "తలుపు తెరిచే ఉంది" అన్నాను. అంతే, ఆవిడ చేతిలోని అద్దం ట్రేలో ఠంగున పడింది.

"ఇంకోసారి అనండి" అంది.

"ఏమనాలమ్మా?"

"అదే. తలుపు తెరిచే ఉంది, కెప్టెన్. మీరు ఓడమ్మ కదూ?"

నాకలాంటి పేరొకటి ఉందని నాకే తెలీదు. ‘తొమ్మిదో కక్ష్య’ టీవీలో వచ్చినన్నాళ్లూ తెర మీద మన పేర్లు పడలేదు, ఆ గొంతులు ఎవరివని అడిగినవాళ్లూ లేరు. ఆ పరదేశపు సీరియల్లో కెప్టెన్‌కి నువ్వూ, మాట్లాడే ఓడకి నేనూ మన భాషలో మాటలు అంటించి ఇంటికి పోయాం, అక్కడితో సరి అనుకున్నాను. నువ్వు నమ్మవు గానీ, ఆ సీరియల్ని ఇప్పటికీ పట్టుకు వేలాడేవాళ్లున్నారు. ప్రతి ఆదివారం ఆ క్లినిక్ ముందుగదిలోనే కలుస్తారు. పళ్లెలా తోముకోవాలో చూపించే టీవీలోనే ఒక ఎపిసోడ్ వేసుకుని, అయిపోయాక దాని మీద జుట్టూ జుట్టూ పట్టుకుంటారు. డాక్టరమ్మ, ఒక బస్సు డ్రైవరు, ఒక లెక్కల మాస్టారు వాళ్లలో పెద్దతలకాయలు. ఆ పన్ను పీకిందగ్గర్నుంచీ నేనూ వెళుతున్నాను. నన్ను మధ్య కుర్చీలో కూచోబెట్టి, ఏదో ఊరి పెద్దని చూసినట్టు చూస్తారు. మొదట్లో సిగ్గేసింది. ఇప్పుడు ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. మా ఆయన పోయాక నా మాట కోసం ఎదురుచూసినవాళ్లు వీళ్లే.

వాళ్లకి ప్రాణమైన ఎపిసోడ్ ఏదో చెప్పుకో చూద్దాం. కెప్టెన్ ఓడని వదిలిపోయేది. నీకు గుర్తుండే ఉంటుంది, నీ పని కూడా దాంతోనే అయిపోయింది. పాడైపోయిన ఓడలోంచి అందరూ చిన్న పడవలోకి ఎక్కేస్తారు. కెప్టెన్ చివరివాడు. మనకి వీపు పెట్టి, గుమ్మం దగ్గర నిలబడి "ఇక వెళ్తాను" అంటాడు. ఓడ వెంటనే జవాబు చెప్పదు. ఆగుతుంది. కెప్టెన్ గుమ్మం దాటుతాడు, ఇనపతలుపు మూసుకుంటుంది. అప్పుడు, ఖాళీ వరండాలో, ఎవరూ వినడానికి లేనిచోట ఓడమ్మ అంటుంది: "నా చోటు ఇక్కడే, కెప్టెన్. మీరు బయల్దేరండి."

ఆ ఆగడం ఎందుకు? ఇదీ వాళ్ల తగువు. "టేపు చిక్కుపడి ఉంటుందండీ, అంతకంటే ఏం లేదు" అంటాడు డ్రైవరు. "కాదు, ఒంటరిగా ఎంతకాలం తిరగాలో అది లెక్క కడుతోంది" అంటారు మాస్టారు. డాక్టరమ్మ ఇద్దర్నీ కసురుతుంది. "మీకు మనసులు లేవు. తన మాట వింటే ఆయన ఆగిపోతాడని తెలిసి, తలుపు మూసుకునేదాకా నోరు కట్టుకుంది. మా అమ్మ పోయినప్పుడు నేను ఆ ఒక్క ముక్కే మళ్లీ మళ్లీ పెట్టుకుని ఏడ్చాను. ఆవిడా నాకేమీ చెప్పకుండానే పంపించేసింది, హాస్టల్‌కి, తన జబ్బు సంగతి దాచిపెట్టి." అని, నా వంక తిరిగి, "మీరు చెప్పండమ్మా, ఆ ఆగడం మీకెలా తోచింది?" అని అడుగుతుంది.

నేనేం చెప్పను? ప్రతిసారీ దగ్గు తెచ్చుకుని తప్పించుకుంటున్నాను.

నిజం నీకూ నాకూ తెలుసు. ఓడ గొంతు గుయ్యిమని మోగాలని మన చెవులాయన ఒక పెద్ద స్టీలు బకెట్ని పక్కకి పడుకోబెట్టి కట్టి, మైకు అందులో పెట్టి, నా తలా అందులోకి తోసి, పైన దుప్పటి కప్పేవాడు. ఎంతైనా సౌండు ఇంజనీరు, ఆయన చెప్పిందే వేదం. లోపల చీకటి. కాగితం కనపడదు, అందుకని నా మాటలన్నీ కంఠతా పట్టేదాన్ని. బయటి మాట ఏదో మోతలా తగిలేది తప్ప ముక్క అర్థమయ్యేది కాదు. నా వంతు వచ్చిందని తెలియడానికి ఒకటే దారి, పక్క మైకు దగ్గర నిలబడ్డ నువ్వు నా భుజం తట్టడం. సీరియల్ మొత్తంలో నీ చెయ్యి ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. ఆ రోజే అయింది.

ఎదురుచూశాను. తట్టలేదు. ఏమైందోనని దుప్పటి తీసేద్దామా అనుకునేంతలో తట్టావు. నేను చెప్పాల్సింది చెప్పాను. తల బయటికి తీసి, "ఎందుకంత ఆలస్యం చేశావు?" అంటే, నా మొహం కూడా చూడకుండా "పేజీ అంటుకుపోయింది" అన్నావు. చెవులాయన అద్దం వెనక నుంచి బాగానే వచ్చింది, మళ్లీ అక్కర్లేదన్నాడు. నీ పెట్టె అప్పటికే గుమ్మం దగ్గరుంది. రేడియోలో ఉద్యోగం వచ్చిందని ఊరందరికీ చెప్పి, నాకు మాత్రం ఆ పొద్దునే చెప్పావు. సాయంత్రం రైలెక్కి వెళ్లిపోయావు.

పేజీ అంటుకోదని కాదు. కానీ ఆ సీరియల్‌లో అంతకు ముందు ఎన్ని పేజీలు అంటుకోలేదు, నీ చెయ్యి తడబడిందా? రైలింకా ఎక్కకముందే నన్ను మర్చిపోయావని నాకు తోచింది. మనమధ్య ఏదో ఉందని స్టూడియోలో అందరూ అనుకునేవారు. నేనూ అనుకున్నాను, దాచడమెందుకు? ఆ ఆలస్యంతో అదంతా నా భ్రమేనని తేల్చేసుకున్నాను. తర్వాత నా పెళ్లి అయింది, మా ఆయన మంచివాడు, ఆయన దగ్గర నాకే లోటూ లేదు. అయినా ఎవరైనా వెనక నుంచి భుజం తడితే ఇప్పటికీ నా ఒళ్లు ఉలిక్కిపడుతుంది.

ఇప్పుడు వీళ్లు పెద్ద సభ చేస్తారట. ఎక్కడెక్కడి అభిమానులో వస్తారట. మనిద్దర్నీ నిలబెట్టి ఆ ముక్క మళ్లీ చెప్పించాలని డాక్టరమ్మ కోరిక. నువ్వు రాగలవా? రాలేకపోతే ఒక్క సంగతి రాయి చాలు. ఆ రోజు నిజంగా పేజీయేనా? అదే నిజమైతే వాళ్లకి అలాగే చెప్పేస్తాను. ఆ డాక్టరమ్మ తన తల్లిని ఆ మౌనంలోనే దాచుకుందని తెలిశాక, ఉట్టి మాటలు చెప్పి మోసం చెయ్యడానికి మనసొప్పడం లేదు. నిజం చెప్పడానికి అంతకంటే ఒప్పడం లేదు.

ఇట్లు,
బకెట్లోని ఓడ

---

ఓడకి,

నీ ఉత్తరం ముందు మా ఆవిడ చదివింది. నాకొచ్చే ఉత్తరాలన్నీ తనే విప్పుతుంది, అది మా ఇంటి రివాజు. చదివి, నా చేతిలో పెట్టి, "ఈవిడకి నిజం రాయండి, ఇన్నాళ్లకైనా" అంది. అందుకని రాస్తున్నాను. తనకి ఆ నిజం పెళ్లికి ముందే చెప్పాను. చెప్పాల్సినవాళ్లకి తప్ప అందరికీ చెప్పే గుణం నాది.

సభకి రాలేను. నా గొంతు పోయింది. కంఠానికి ఆపరేషన్ చేశారు. ఇప్పుడు నాలోంచి వచ్చేది గాలి, అందులోంచి మాటలు ఏరుకోవడం మా ఆవిడకి తప్ప ఎవరికీ చేతకాదు. మీ కెప్టెన్ని అలా చూపించకు. వాళ్ల చెవుల్లో ఎలా ఉన్నాడో అలాగే ఉండనీ.

పేజీ అంటుకోలేదు.

నేను చేసే పనిలో సుఖం లేదని నీతో ఎప్పుడూ సణిగేవాడిని, గుర్తుందా? తెర మీద ఆ తెల్లాయన పెదవి కదిలితే నా పెదవి కదలాలి, ఆయన మూస్తే నేనూ మూయాలి. నీ ఓడకి నోరు లేదు గనక నీ ఇష్టమొచ్చినట్టు మాట్లాడుకోవచ్చని నిన్ను చూసి కుళ్లుకునేవాడిని. సీరియల్ మొత్తంలో నాకు అలాంటి చోటు ఒక్కటే దొరికింది. ఆ గుమ్మం. కెప్టెన్ వీపు పెట్టి నిలబడ్డాడు, పెదవులు కనపడవు, ఏమన్నా అనొచ్చు. ముందు రోజు ఆ బొమ్మ వేసి చూపించినప్పుడే అనుకున్నాను, చెప్పాల్సింది ఇక్కడ చెబుదామని.

"ఇక వెళ్తాను" అన్నాక, నీ భుజం తట్టకుండా, నీ వైపు తిరిగి, నీ పేరు పెట్టి పిలిచాను. "నాతో వచ్చేస్తావా?" అని అడిగాను.

నువ్వు బకెట్లో ఉన్నావు. దుప్పటి కింద ఉన్నావు. నీకు వినపడదని నాకు తెలుసు, పక్కనే నిలబడి రోజూ చూసేవాడిని కదా. మొహం మీద అడిగే దమ్ము లేక ఒక బకెట్టుని అడిగాను. అయినా ఆగాను. నీకు ఎలాగో అందుతుందేమో, తల బయటికి తీస్తావేమో అని. తెర మీద తలుపు మూసుకుపోయింది. ఇక చేసేది లేక తట్టాను. నువ్వు అన్నావు: "నా చోటు ఇక్కడే, కెప్టెన్. మీరు బయల్దేరండి."

అవి రాసిచ్చిన మాటలని నాకు తెలీదా? ముందు రోజంతా నీ చేత నేనే వల్లె వేయించాను. కానీ పిరికివాడికి ఏదో ఒక జవాబు కావాలి, అది దొరికింది. సరే, కాదంది, అడగాల్సింది అడిగాను అని నాకు నేనే చెప్పుకుని రైలెక్కాను. నిజంగా అడిగి, నిజంగా కాదనిపించుకోవడం కంటే అది తేలిక.

చెవులాయన మాత్రం విన్నాడు. ఆయన చెవుల్లో పడనిదేముంది? అద్దం వెనక నుంచి నా వంక చూసి, చేత్తో తుడిచేస్తున్నట్టు సైగ చేశాడు. తీసెయ్యనా అని. నేను తలూపాను. మీవాళ్లు కొట్టుకుంటున్న ఆ మౌనం నీది కాదు, ఓడదీ కాదు. అక్కడ నేనున్నాను. చెరిపేస్తే మిగిలిన చోటది. ఆయన పోయేదాకా నాతోగానీ నీతోగానీ ఆ ఊసెత్తలేదు, మహానుభావుడు.

నీ భుజాన్ని మర్చిపోలేదు. ఆ కాసేపూ నా చెయ్యి నీ భుజం మీద గాలిలోనే ఉంది.

వాళ్లకి ఏం చెబుతావో నీ ఇష్టం. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

ఎప్పటికీ నీ మంచి కోరే,
మాటలేని కెప్టెన్

---

మాటలేని కెప్టెన్‌కి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నిన్ను తిట్టాను. గట్టిగానే, పక్కింటివాళ్లు వచ్చి ఏమైందని అడిగేటంత గట్టిగా. మూడో రోజు ఏడ్చాను. ఇన్నేళ్లూ నీ చెయ్యి రాలేదని బాధపడ్డాను, అది నా మీదే ఉందంటావు! అది తెలియడానికి నీ గొంతు పోవాలా, నా పన్ను ఊడాలా? ఆ దుప్పటి ఒక్కసారి తొలగించి ఉంటే అయిపోయేది. నేనైనా తొలగించలేదు. పని చెడిపోతుందని భయపడ్డాను.

సభ మొన్న జరిగింది. నువ్వు రావని చెబితే డాక్టరమ్మ చిన్నబుచ్చుకుంది, తర్వాత తేరుకుంది. సౌండు తీసేసి ఎపిసోడ్ వేశారు. కెప్టెన్ మాటలు డ్రైవరు చెబుతానన్నాడు. మనిషికి గొంతు బాగానే ఉంది, స్టాపుల పేర్లు పిలిచి పిలిచి పదునెక్కింది. బకెట్టు కొత్తదే కొన్నారు, క్లినిక్ తుడిచేది కాదు. దుప్పటి కూడా తెచ్చారు. ఇంత వయసులో మళ్లీ ఆ చీకట్లో తలపెట్టాను. అదే ఇనప వాసన. ఒక్క సంగతి వాళ్లకి చెప్పడం మర్చిపోయాను, నా వంతు వస్తే భుజం తట్టాలని.

డ్రైవరు "ఇక వెళ్తాను" అన్నాడు కాబోలు, మోత తగిలింది. ఆగాను. ఎవరూ తట్టలేదు. నేను ఆ ప్రఖ్యాతి పొందిన మౌనాన్ని అభినయిస్తున్నానని వాళ్లనుకుని ఊపిరి బిగబట్టారట. నేను మాత్రం నీ చెయ్యి కోసం చూస్తున్నాను. రాదని తెలుసు. తలుపు ఎప్పుడో మూసుకుపోయి ఉంటుందని కూడా తెలుసు. నా నోట్లో ఆ పాత మాటలు సిద్ధంగా ఉన్నాయి, కానీ పైకి రాలేదు.

"ఇంకోసారి అడగండి, కెప్టెన్" అన్నాను.

తల బయటికి తీసేసరికి గది గదంతా గోల. "స్క్రిప్టులో అది లేదు!" అని మాస్టారు కుర్చీ ఎక్కేంత పని చేశారు. పాపం డ్రైవరు బిక్కమొహం వేసుకుని నా దగ్గరికొచ్చి, "నేనసలు ఏమీ అడగలేదు కదండీ! వెళ్తానన్నాను, అంతేగా?" అన్నాడు.

"అవును బాబూ, నువ్వేమీ అడగలేదు" అన్నాను.

అందరూ వెళ్లిపోయాక డాక్టరమ్మ కుర్చీలు సర్దుతూ, నా వైపు చూడకుండా, "ఆయన అడిగారా?" అంది. "పేజీ అంటుకుందమ్మా" అన్నాను. నా మొహంలోకి చూసి, నమ్మకపోయినా ఇంకేమీ అడక్కుండా, ఆ బకెట్టు తుడిచి పై అరలో జాగ్రత్తగా పెట్టింది. తన ఓడమ్మ తనకి మిగిలింది. నాకదే చాలు.

మీ ఆవిడకి నా నమస్కారాలు చెప్పు. నీ గాలిలోంచి మాటలు ఏరుకోగల మనిషి నీకు దొరికింది, నేను నీ మాటే వినలేకపోయినదాన్ని. ఆవిణ్ణి బాగా చూసుకో, ఏదన్నా అడగాలంటే ఎదురుగా నిలబడి అడుగు.

ఒక్క ముక్క మిగిలింది, అదీ చెప్పేస్తాను. ఆ రోజు నాకు వినపడి ఉన్నా అదే మాట అనేదాన్ని. మొదటిసారికే సరేనని తలూపే రకాన్ని కాదని నీకూ తెలుసు. రెండోసారి అడిగి ఉంటే వచ్చేదాన్ని.

ఇట్లు,
ఓడమ్మ